ఉదయగిరి మెట్టలో నాసిక్ వైన్ ద్రాక్ష పండుతుందా?

ఉదయగిరి వైపు నాలుగెకరాల మెట్ట ఉంది, నాసిక్‌లో లాగా వైన్ ద్రాక్ష వేయొచ్చా అని అడిగారు. వద్దండీ. నేల సంగతి పక్కన పెట్టండి, అసలు చిక్కు మనకు వాన పడే నెలలతో.

నేను నాసిక్ పక్కన దిండోరిలో ఒక తోటలో మూడేళ్లు పనిచేశాను. ఇప్పుడు పొదలకూరులో మా నిమ్మతోట చూసుకుంటున్నా. నాసిక్ వైపు తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కత్తిరిస్తే కొత్త కొమ్మలొస్తాయి, రాబోయే పంట ఆ కొమ్మల మొగ్గల్లోనే తయారవుతుంది. అక్టోబర్‌లో మళ్లీ కత్తిరిస్తే ఆ మొగ్గలు పగిలి గుత్తులు బయటికొస్తాయి. అప్పటికి అక్కడ వానలు వెనక్కి తగ్గుతాయి. జనవరి నుంచి మార్చి దాకా కోత.

నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం రాత్రుళ్లు 10 డిగ్రీల లోపుకు దిగడం అక్కడ మామూలే. పగటి ఎండకు కాయలో తీపి ఎక్కుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. వైన్‌కి రెండూ కావాలి. కోత దగ్గరపడితే పొద్దున్నే కాయలు నలిపి, తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద రసం చుక్క వేసి, వెలుతురుకు పెట్టి చూసేవాళ్లం. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ రకం 20 బ్రిక్స్ (రసంలో తీపికి కొలత) దాటిందా లేదా అని ఒకటే టెన్షన్. ఎర్ర వైన్ తీసే షిరాజ్ కాయ మనం తినే ద్రాక్షలా ఉండదు. చిన్నది, తోలు మందం, లోపల గింజలు. పైకి నల్లగా ఉన్నా నలిపితే రసానికి రంగుండదు, రంగంతా తోలులోనే.

తినే ద్రాక్షకు నాసిక్‌ది పాత పేరే గానీ, వైన్‌కు పేరొచ్చింది ఈమధ్యే. సులా అనే వైన్ కంపెనీ వాళ్లు 1997లో తీగలు నాటి, 2000లో మొదటి వైన్ తీశారు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పాలసీ తెచ్చింది. ఆ తర్వాతే వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు పెరిగాయి. కాయ కోసిన వెంటనే తీసుకునే వైనరీ దగ్గర్లో లేకపోతే ఎంత పండించినా రైతుకు మిగిలేదేమీ ఉండదు.

ఇక మన సంగతి. అక్కడ తీగ చిగురేసి పూతకొచ్చే అక్టోబర్, నవంబర్లలోనే మన నెల్లూరుకు అసలు వాన. 2015 నవంబర్, 2021 నవంబర్ వరదల్లో ఎలా గడిచాయో మీకు చెప్పక్కర్లేదు. నేను వచ్చేటప్పుడు ఇరవై కొమ్మ ముక్కలు తెచ్చి ఇక్కడ నాటాను. రెండో ఏడు అక్టోబర్‌లో కత్తిరించాను. చక్కగా చిగురించాయి. నవంబర్‌లో ముసురు పట్టింది. నాలుగో రోజుకల్లా ఆకుల మీద నూనె చుక్క పడ్డట్టు పసుపుపచ్చ మరకలు, తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు. మందు కొట్టినా వాన కడిగేసేది. పూతగుత్తులు నల్లబడి చేత్తో ముడితే రాలిపోయాయి. ఇరవై తీగల్లో ఒక్క గుత్తి దక్కలేదు, ఆ రోజు చాలా బాధపడ్డాను.

వాన తగ్గాక డిసెంబర్ చివర్లో కత్తిరిస్తే సరిపోతుంది కదా అనొచ్చు. అదీ చేశాను. కాయ ఏప్రిల్, మే ఎండల్లో పండింది. తీపి ఉంది, పులుపు పోయింది. తినడానికి బాగానే ఉంది గానీ వైన్‌కి పనికిరాదు.

మీకు మనసు లాగుతుంటే ఇంటి ముందు పందిరికి తినే రకం రెండు తీగలు పాకించండి, కత్తిరింపు డిసెంబర్ చివరికి పెట్టుకోండి. నాలుగెకరాలకూ నీళ్లు చూసుకుని నిమ్మో బత్తాయో వేయండి.