కీ నొక్కితే పెట్టె కదల్లేదని కంప్యూటర్ చదువే వద్దంటున్నాడు

ప్రశ్న: మాది రాయగడ. మావారు జేకేపూర్ మిల్లులో పనిచేస్తారు. బాబు ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం. తనంతట తానే పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నాడు. లెక్కలు చేసే ప్రోగ్రాంలు బాగానే రాశాడు. టర్టిల్ అనేదాంతో ఒక ఆట మొదలుపెట్టి మూడు వారాలుగా అక్కడే ఆగిపోయాడు. బాణం కీ నొక్కితే తెర మీద పెట్టె కదలాలట. ప్రోగ్రాం నడపగానే అది దానంతటదే ఒకసారి కదిలి ఆగిపోతుందట, ఆ తర్వాత ఎంత నొక్కినా కదలదట. "నా బుర్రకు కంప్యూటర్ ఎక్కదమ్మా, సివిల్ ఇంజనీరింగ్ తీసుకుంటా" అంటున్నాడు. ట్యూషన్ మాస్టారేమో ఆటలు మాని జేఈఈ చదవమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాట "దానంతటదే ఒకసారి కదిలి ఆగిపోతుంది" అన్నది. తప్పు బాబు బుర్రలో లేదు, దాదాపుగా రెండు బ్రాకెట్లలో ఉంది. ఈ జవాబు వాడికే చదివి వినిపించండి.

ఇంతవరకు వాడు రాసిన ప్రోగ్రాంలు పెళ్లి తంతులాంటివి. జీలకర్ర బెల్లం తర్వాత మాంగల్యం, ఆ తర్వాత తలంబ్రాలు. ఒకటి అయ్యాకే ఇంకొకటి, వరస అంతా పంతులుగారి చేతిలో ఉంటుంది. మౌస్, కీబోర్డుల దగ్గరికి వచ్చేసరికి అది కిరాణా కొట్టు అవుతుంది. పొద్దున్నే షట్టర్ ఎత్తి కూర్చోవడమే. ఎవరు ముందొస్తారో, ఏం అడుగుతారో తెలియదు. ఉప్పు అడిగితే ఏం చేయాలి, పప్పు అడిగితే ఏం చేయాలి అన్నది మాత్రం ముందే అనుకుని ఉండాలి. ఆ వచ్చి అడగడాన్నే ఈవెంట్ అంటారు. అప్పుడు చేసే పని హ్యాండ్లర్. పెళ్లి తంతుకు అలవాటుపడిన పిల్లలు ఇక్కడ తడబడటం మామూలే. డిగ్రీ పిల్లలూ తడబడతారు.

ఇక మీవాడి పెట్టె. టర్టిల్ అంటే తాబేలు, తెర మీద బొమ్మలు గీసి కదిపే పైథాన్ భాగం. అందులో ఆన్‌కీ అనే ఆజ్ఞలో "పైకి బాణం నొక్కితే ఈ పని చెయ్యి" అని పని పేరు మాత్రమే ఇవ్వాలి. పేరు పక్కన బ్రాకెట్లు పెడితే, ఆ పనిని అప్పటికప్పుడే చేసేయమన్నట్టు. అంటే ఎవరూ అడక్కముందే పొట్లం కట్టేశాడన్నమాట. అందుకే మొదట్లో ఒకసారి కదిలింది. ఆ పని తిరిగి ఇచ్చేదేమీ ఉండదు కాబట్టి ఆ కీకి ఏ పనీ అంటలేదు, తర్వాత ఎంత నొక్కినా కదల్లేదు. బ్రాకెట్లు తీసేయమనండి. లిజన్ అనే ఆజ్ఞ రాశాడో లేదో కూడా చూసుకోవాలి. అది లేకపోతే కొట్టు తెరవనట్టే, కీలు నొక్కినా తాబేలుకు వినపడదు.

ఇది దాటాక ఇంకో గుంట ఉంది. కీ నొక్కినప్పుడు చేయాల్సిన పనిలోనే టైమ్ స్లీప్ పెట్టి ఐదు సెకన్లు ఆగమంటారు పిల్లలు. కొట్టువాడు కునుకు తీస్తే బేరాలు ఆగవు కదా. ఆ ఐదు సెకన్లలో నొక్కినవన్నీ వరసలో నిలబడి, వాడు లేవగానే ఒక్కసారిగా మీద పడతాయి.

మౌస్ దగ్గర తేడా చిన్నదే. టర్టిల్‌లో కీ నొక్కితే హ్యాండ్లర్‌కు ఏ వివరమూ రాదు. మౌస్ నొక్కితే ఎక్స్, వై రెండూ వస్తాయి, వాటిని అందుకునేలా రాయాలి. టర్టిల్‌లో సున్నా తెర మధ్యలో ఉంటుంది, లెక్కల నోటుబుక్‌లో గ్రాఫులాగే వై పైకి పెరుగుతుంది. రేపు వెబ్ పేజీలకు వెళితే సున్నా ఎడమ పై మూలన ఉంటుంది, వై కిందికి పెరుగుతుంది. పెట్టె తలకిందులుగా పోతోందని అప్పుడు మళ్లీ బుర్రను తిట్టుకోవద్దు.

సివిల్ మంచి చదువే. ఇష్టంతో తీసుకుంటే నేనూ సరే అంటాను, పెట్టె మీద అలిగి తీసుకోవద్దు. ఈ కొట్టు పద్ధతి వెబ్ పేజీల్లో, ఫోన్ యాప్‌లలో, ఆటల్లోనే కాదు, మిల్లుల్లోనూ ఉంటుంది. కంట్రోల్ రూంలో ఆపరేటర్ తెర మీద బటన్ నొక్కితే వాల్వు మూసుకోవడమూ ఈవెంటే, ఒత్తిడి పెరిగితే అలారం మోగడమూ ఈవెంటే. వాళ్ల నాన్నగారిని అడిగితే ఇంట్లోనే సగం పాఠం అయిపోతుంది.

మాస్టారి మాట సగం ఒప్పుకుంటాను. ఒడిశాలో ఓజేఈఈ అనే రాష్ట్ర ప్రవేశాల కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే బీటెక్ సీట్లకు జేఈఈ మెయిన్ ర్యాంకే ముఖ్యం. బరంపురంలో ప్రభుత్వ పర్లా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, మీ జిల్లాలోనే గుణుపురంలో గైట్ యూనివర్సిటీ ఉంది. ర్యాంకు రాకపోతే బీసీఏ ఉంది. 2021లో మొదలైన ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ కోర్సు జేఈఈ ర్యాంకు అడగదు, తన సొంత అర్హత పరీక్ష పెడుతుంది. పార్వతీపురం రైలెక్కితే దగ్గరేనని ఆంధ్రా సీటు మీద ఆశ పెట్టుకోకండి. అక్కడ స్థానికత ఎన్నేళ్లు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి చూస్తారు. ముందు నోటిఫికేషన్ చదవండి. కాబట్టి వారమంతా జేఈఈ, ఆదివారం రెండు గంటలు ఈ ఆట. పూర్తిగా మాన్పించకండి.

నెల రోజులు గమనించండి. ఎన్ని గంటలు కూర్చున్నాడని కాదు, పెట్టె కదలనప్పుడు ఏం చేస్తున్నాడన్నది చూడండి. హ్యాండ్లర్ మొదట్లో "ఇక్కడికి వచ్చాను" అని ప్రింట్ పెట్టి, కీ అసలు అందిందా లేదా తేల్చుకుంటున్నాడా? అలా వెతికే పిల్లాడికి ఈ రంగం సరిపోతుంది. విసిగిపోయి కోడ్ మొత్తం చెరిపి ఎక్కడి నుంచో కాపీ కొడుతుంటే మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం.

ఒకటి మర్చిపోయాను. మన సరిహద్దు ఇళ్లలో ఒకే కంప్యూటర్‌లో బడి ప్రాజెక్టుకు ఒడియా, అమ్మమ్మకు తెలుగు, మిగతాదానికి ఇంగ్లిష్ కీబోర్డులు మారుతుంటాయి. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో కె కీ నొక్కితే తెలుగులో క, ఒడియాలో వాళ్ల క వస్తుంది. ప్రోగ్రాం ఇంగ్లిష్ కె కోసం ఎదురుచూస్తుంటే అది ఎప్పటికీ రాదు. బాణం కీలకు ఈ బాధ లేదు. అక్షరాల కీలతో ఆట రాసిన రోజు పెట్టె కదలకపోతే, కోడ్ జోలికి వెళ్లేముందు తెర కింది మూలన కీబోర్డు ఏ భాషలో ఉందో చూసుకోమనండి.