ఏడున్నరేళ్లతో పోయేదానికి 86 ఏళ్లా?

మీ ఉత్తరం – నా జవాబు

అడ్డదారి వకీలు సాల్ కథ చెప్పే అమెరికన్ సిరీస్ ‘బెటర్ కాల్ సాల్’ చివరి భాగాలు ఇంకా చూడనివాళ్లు ఈ పేజీ ఇప్పుడే తిప్పేయండి, చూశాక రండి. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని గురించే. నేను నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే వకీలుని, పైగా ఆ సిరీస్ అంటే ప్రాణం. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే వారానికి దాచాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ ఉద్యోగం నాది. ‘బ్రేకింగ్ బ్యాడ్’ అయిపోయాక ‘బెటర్ కాల్ సాల్’ మొదలుపెట్టి ఆరు సీజన్లూ మా అక్కతో కలిసి చూశాను. డ్రగ్స్ ముఠా విలన్ లాలో చచ్చిపోయేదాకా ఊపిరి బిగబట్టి చూశాం. తర్వాత కాసేపటికే కథ నలుపు తెలుపుల్లోకి వెళ్లిపోయి నత్తనడక పట్టింది. సరే, చివర్లో ఏదో ఉంటుందిలే అనుకున్నా. తీరా చూస్తే సాల్ చేసిందేంటండీ? యావజ్జీవం, దాని మీద మరో 190 ఏళ్లు అన్న శిక్షను మాటకారితనంతో ఏడున్నరేళ్లకు దింపాడు. కోర్టులో నోరు మూసుకుని నిలబడితే చాలు. అదంతా తనే పాడుచేసుకుని 86 ఏళ్లు వేయించుకున్నాడు. మాజీ భార్య కిమ్ మీద ప్రేమతోనే అంటుంది అక్క. దానివల్ల కిమ్‌కి ఒరిగిందేముంది? నాకైతే మోసపోయినట్టుంది. ‘బ్రేకింగ్ బ్యాడ్’ హీరో వాల్టర్ వైట్‌కి ఇచ్చినదే అసలైన ముగింపు. మీరు వకీలు కదా, మీరే చెప్పండి.
– ఒక అభిమాని, మియాపూర్

జవాబు: బాబూ, మీరు పట్టుకున్న పాయింటు గట్టిదే. చట్టం లెక్కలో కిమ్‌కి ఒరిగిందేమీ లేదు. వకీలు హోవర్డ్ చనిపోయిన రాత్రి ఏం జరిగిందో, అంతకుముందు తామిద్దరూ అతని పరువు ఎలా తీశారో ఆమె అప్పటికే అఫిడవిట్‌లో రాసి హోవర్డ్ భార్య చేతిలో పెట్టింది. ప్రాసిక్యూటర్‌కీ ఇచ్చేసింది. బేరం ఇంకాస్త లాగుదామని జిమ్మీ (సాల్ అసలు పేరు) హోవర్డ్ సంగతి బయటపెట్టబోతే, అది మాకు తెలుసు, మీ మాజీ భార్య ఎప్పుడో చెప్పింది అంటారు. అక్కడ అతని ముఖం చూడండి. మాటలమీద బతికిన మనిషికి మాట పడిపోయిన క్షణం అది. తర్వాత విమానంలో, హోవర్డ్ భార్య కిమ్ మీద సివిల్ దావా వేయడానికి వకీలు కోసం తిరుగుతోందని జిమ్మీ వకీలు బిల్ ఓక్లీ చెబుతాడు. జిమ్మీ కోర్టులో ఏం చెప్పినా ఆ దావా ఆగదు. కిమ్ అక్కడ కూర్చుని వినాలన్నదే అతని కోరిక. అందుకోసమే కిమ్ గురించి ప్రభుత్వానికి అబద్ధం చెప్పానని కూడా కోర్టులోనే ఒప్పేసుకుంటాడు. కాబట్టి మీ అక్క చెప్పింది సగం నిజం.

రెండో సగం గురించి ఎవరూ రాయలేదు, అదే నన్ను పట్టి ఊపేసింది. కోర్టులో జిమ్మీ చివరగా మాట్లాడింది వాల్టర్ వైట్ గురించి కాదు, అన్న చక్ గురించి. చక్ ఇన్సూరెన్స్ తన వల్లే పోయిందని, వకీలు వృత్తి తప్ప వేరే లోకం లేని మనిషికి దాన్ని దూరం చేశానని, అందుకే ఆయన ప్రాణం తీసుకున్నాడని చెబుతాడు. పక్కనున్న ఓక్లీ బిత్తరపోతాడు. తర్వాత అడుగుతాడు కూడా, నీ అన్న గురించి చెప్పావే, అది నేరమే కాదు కదా అని. అవును, నేరమే అంటాడు జిమ్మీ. అంతే, రెండు ముక్కలు.

నాలుగో సీజన్ మొదటి భాగం మీకు గుర్తుందా? చక్ చావుకు కారణం నేనేనేమో, ఇన్సూరెన్స్ గొడవ వల్లే ఆయన్ని ఆఫీసు నుంచి పంపించేశాను అని చక్ పార్ట్‌నర్ హోవర్డ్ వచ్చి కుమిలిపోతాడు. అసలు ఆ ఇన్సూరెన్స్ ఆఫీసుకెళ్లి దొంగ ఏడుపులు ఏడ్చి చక్ జబ్బు (కరెంటు తనకు పడదని నమ్మడం) సంగతి చేరవేసింది జిమ్మీ. ఒక్క మాట చెబితే హోవర్డ్ గుండె మీది బరువు దిగేది. చెప్పడు. ఆ భారం నువ్వే మోసుకో అన్నట్టు మాట్లాడి, లేచి, చేపపిల్లకు మేత వేసి కాఫీ పెట్టుకుంటాడు. ఆ అబద్ధం అన్నేళ్లు అలాగే నిలిచింది. హోవర్డ్ దాన్ని మోస్తూనే చచ్చిపోయాడు. చివరి భాగంలో ఆ కోర్టు హాల్లో జిమ్మీ దించింది ఆ అబద్ధాన్నే.

మా కోర్టుల్లో సాక్ష్యం అయిపోయాక జడ్జి గారు ముద్దాయిని నిలబెట్టి ఒక్కో ప్రశ్న అడుగుతారు. పాత చట్టంలో సెక్షన్ 313, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 351. ఫలానా సాక్షి మీ గురించి ఇలా చెప్పాడు, మీరేమంటారు? అబద్ధమండి. పంచనామాలో ఇలా ఉంది? నాకు తెలియదండి. నా ప్రాక్టీసంతా ఆ రెండు జవాబులే విన్నాను. అలా చెప్పమని నేనే నా క్లయింట్లకు సలహా ఇస్తాను, ఇవ్వాలి కూడా. నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. ఛార్జిషీటులో ఉన్నదాన్నే ఒప్పుకోని చోట, ఛార్జిషీటులో లేనిదాన్ని ఒక మనిషి తనంతట తాను తెచ్చి జడ్జి ముందు పెట్టాడు. దానికి ఏ సెక్షనూ లేదు. దానివల్ల శిక్ష ఒక్క రోజు పెరగదు, తరగదు. అందుకే అది ఎత్తుగడ కాదని నమ్ముతాను. అతని జీవితంలో ఎత్తుగడ కాని మాటలు ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక వాల్టర్ వైట్. అది గొప్ప ముగింపే, కాదనను. అయితే ఆ ముగింపులో మిమ్మల్ని తాకింది తుపాకీ మోతేనా? నాకు మాత్రం భార్య వంటింట్లో నిలబడి, ఇదంతా కుటుంబం కోసం కాదు, నా కోసమే చేశాను, నాకది నచ్చింది అని చెప్పిన ఘట్టం. రెండు కథలకూ ప్రాణం ఒప్పుకోలే. వాల్టర్ ఒక్క మనిషికి చెప్పి వెళ్లి చచ్చిపోయాడు. జిమ్మీ రికార్డులోకి ఎక్కేలా చెప్పి, ఆ తర్వాత బతకాల్సి వచ్చింది. నాకు రెండోదే కష్టమనిపిస్తుంది.

నత్తనడక అన్నారే, ఆ మాటకు మాత్రం ఊరుకోను. పన్నెండో భాగంలో విమానాశ్రయం బస్సులో కిమ్ ఏడ్చే ఘట్టం ఇంకోసారి చూడండి. మొదట ఆపుకుంటుంది. కట్ట తెగుతుంది. పక్క సీటులోని అపరిచితురాలు మెల్లగా ఆమె చేతి మీద చెయ్యి వేస్తుంది. కెమెరా కదలదు, సంగీతం రాదు. ఆరేళ్లు బిగపట్టుకున్న ఏడుపు అంతసేపు పట్టకుండా ఎలా ఉంటుంది? రియా సీహార్న్ అక్కడ చేసింది నటనలా లేదు. ఈ సిరీస్‌కు మొత్తం 53 ఎమీ నామినేషన్లు వచ్చి ఒక్కటంటే ఒక్క అవార్డు రాలేదు. ఇంత అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అదే భాగంలో ముసలావిడ మేరియన్ ల్యాప్‌టాప్‌లో సాల్ పాత ప్రకటన చూసి, మారుపేరుతో దాక్కున్న అతన్ని గుర్తుపట్టేస్తుంది. అతను టెలిఫోన్ తీగను రెండు చేతులకూ చుట్టుకుని ఆమె మీదికి వస్తాడు. నిన్ను నమ్మానయ్యా అంటుందావిడ. చేతులు దిగిపోతాయి. కోర్టులో నోరు విప్పిన మనిషి అక్కడే మొదలయ్యాడు. ఆ నలుపు తెలుపు భాగాలు లేకపోతే ఆ ఒప్పుకోలు గాల్లోంచి ఊడిపడ్డట్టుండేది.

ప్రశ్న: మేడమ్, నేను లా రెండో సంవత్సరం. సాల్ కుదుర్చుకున్నలాంటి బేరం మన కోర్టుల్లో సాధ్యమేనా? జ్యూరీలో ఒక్కరు చాలు అని బెదిరించాడు కదా, అది ఇక్కడ పనిచేస్తుందా?
– విద్యార్థిని, తార్నాక

జవాబు: అమ్మాయ్, రెండూ కుదరవు. మన క్రిమినల్ కేసుల్లో జ్యూరీ లేదు. 1959 నాటి నానావతి కేసు తర్వాత అది క్రమంగా కనుమరుగైంది, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేదు. తీర్పు జడ్జి చేతిలో ఉంటుంది. ఒక్క జ్యూరర్ మనసు కరిగిస్తే కేసు నిలవదన్న బెదిరింపే సాల్ బేరానికి ఆయువుపట్టు. ఆ ఒక్కటీ తీసేస్తే అతని దగ్గర ఇంకేమీ మిగలదు.

ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరం, మనకు 2006లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 289 నుంచి 300 వరకు సెక్షన్లు దానివే. ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు అది వర్తించదు. మహిళల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకూ వర్తించదు. అభియోగాలు నమోదైన 30 రోజుల్లోగా ముద్దాయే దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పుడు జడ్జి గారు అతన్ని విడిగా కూర్చోబెట్టి, ఎవరి ఒత్తిడీ లేకుండా అడుగుతున్నావా అని విచారిస్తారు. నాకు అన్నిటికంటే నచ్చే సంగతి, ఆ ఒప్పందంలో బాధితులకూ కుర్చీ ఉంటుంది. సిరీస్‌లో బేరం రోజున చనిపోయిన పోలీసు అధికారి హాంక్ భార్య మేరీ ఆ గదిలో కూర్చుంటుంది, గుర్తుందా? ఆమె కళ్ల ముందే సాల్ తానూ బాధితుణ్నేనని కట్టుకథ అల్లుతాడు. ఆమె వింటుంది, అంతే, ఒప్పందంలో ఆమెది ఏ మాటా చెల్లదు. అక్కడ నాకు రక్తం మరిగింది.

ఇంకొకటి కూడా రాసిపెట్టుకో. మన దగ్గర దర్యాప్తు దశలో ఎవరైనా నేరం ఒప్పుకుంటానంటే మేజిస్ట్రేట్ ముందుగా హెచ్చరిస్తారు. నువ్వు చెప్పాల్సిన అవసరం లేదు, చెబితే నీ మీదే వాడతారు అని. పాత 164, కొత్త 183. పరీక్షలో తప్పకుండా వస్తుంది.

ప్రశ్న: అమ్మా, రిటైర్డ్ టీచర్ని. జిమ్మీకి 86 ఏళ్లు వేసి కిమ్‌ను వదిలేయడం న్యాయమేనా? హోవర్డ్‌ను నాశనం చేయాలన్న పట్టుదల ఎక్కువ ఆమెదే కదా.
– ఒక పాఠకుడు, విద్యానగర్

జవాబు: మాస్టారూ, పట్టుదల ఆమెదే, మీరన్నది నిజం. కానీ వదిలేశారని అనలేను. లైసెన్సు తన చేత్తో తనే వదులుకుంది. ఫ్లోరిడాలో స్ప్రింక్లర్ల ఆఫీసులో కూర్చుని కాగితాలు రాసుకుంటూ, పుట్టినరోజుకు ఏ ఐస్‌క్రీమ్ తేవాలని అడిగినా ఇదని చెప్పలేని మనిషైపోయింది. ఒకప్పుడు కోర్టులో పేదవాళ్ల తరఫున పులిలా నిలబడ్డ అమ్మాయి! ఏ నిర్ణయం తీసుకున్నా మళ్లీ ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని భయం. చివరి భాగంలో ఆమె ఉచిత న్యాయ సహాయం ఇచ్చే ఆఫీసుకు వెళ్లి, ఏదైనా పని చేస్తానని అడుగుతుంది. వకీలుగా కాదు, ఫైళ్లు సర్దడానికి. ఆ ఘట్టం చిన్నదే, చాలామంది దాటేశారు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మన దగ్గరా ఉచితంగా వకీలును ఇస్తారు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేదు. మీకు తెలిసినవాళ్లెవరైనా ఖర్చుకు జడిసి ఆగిపోయి ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమనండి.

ప్రశ్న: మళ్లీ చూడాలనుంది, 63 భాగాలకూ తీరిక లేదు. మా తమ్ముడికేమో ముగింపు నచ్చలేదు. వాడికి ఏమేం చూపించమంటారు?
– మల్కాజిగిరి నుంచి ఒక అక్క

జవాబు: మూడు విచారణలు చూపించండమ్మా, వరసగా. మూడో సీజన్ అయిదో భాగంలో బార్ (వకీళ్ల సంఘం) విచారణ. చక్‌ను సాక్షిగా నిలబెట్టి, అతని జబ్బును అందరి ముందూ బయటపెట్టి జిమ్మీ గెలుస్తాడు. తర్వాత నాలుగో సీజన్ చివరి భాగం. లైసెన్సు తిరిగి కావాలని కమిటీ ముందు అన్న గురించి కన్నీళ్లు పెట్టుకుంటాడు. కిమ్ సహా అందరూ నమ్ముతారు. బయటికి రాగానే అదంతా నాటకమని అతని ఉత్సాహం చూసి తెలుస్తుంది. కిమ్ ముఖంలో రంగు మారడం తప్పక చూడమనండి. అప్పుడు చివరి భాగం పెట్టండి. అన్న గురించే మాట్లాడతాడు, కిమ్ వెనకాల కూర్చుని ఉంటుంది, ఈసారి కన్నీళ్లు లేవు, గొంతు కూడా పెంచడు. మొదటి విచారణలో చక్‌ను చూపేటప్పుడు గోడ మీద ఎగ్జిట్ బోర్డు సన్నగా రొద పెడుతుంది, ఇక్కడా అదే బోర్డు, అదే రొద వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడమనండి. అయ్యాక తమ్ముడు ఏమన్నాడో నాకు రాయండి, వాడికి ఇంకా నచ్చకపోతే ఎందుకో వాడి మాటల్లోనే రాయించండి, ఇక్కడే వేసి జవాబిస్తాను.