ఓడలో చేరబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

శిక్షణ ముగిసి విశాఖలోనే యుద్ధనౌక మీద పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. పెట్టెలో ఏం సర్దుకోవాలో ఆమె చెబుతుంది. ఎవరి ఆజ్ఞ ఎవరి మీద చెల్లుతుందో నేను చెబుతాను. కొత్తవాళ్లు తికమకపడేది అక్కడే.

విశాఖలో ఇద్దరు అడ్మిరల్స్ గురించి వింటావు. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్, తూర్పు ఫ్లీట్ అధిపతి రియర్ అడ్మిరల్. కమాండ్ కిందికి డాక్‌యార్డ్, ఆసుపత్రి, ఐఎన్ఎస్ డేగా విమాన స్థావరం, తీరం అన్నీ వస్తాయి. ఫ్లీట్ అంటే అందులో సముద్రం మీదికి వెళ్లి పోరాడే ఓడల బలగం. రియర్ అడ్మిరల్ వైస్ అడ్మిరల్‌కూ, వైస్ అడ్మిరల్ ఢిల్లీలోని నౌకాదళ ప్రధానాధికారికీ జవాబుదారీ. ముంబయిలోనూ ఇదే ఏర్పాటు. కొచ్చిలోని దక్షిణ కమాండ్ ముఖ్యంగా శిక్షణకు.

ఇద్దరెందుకని అడుగుతావేమో, 1971 చూడు. తూర్పు కమాండ్ 1968లో ఏర్పడినా, తూర్పు ఫ్లీట్ పుట్టింది 1971 నవంబరు 1న. నెల తిరిగేసరికి పాకిస్తాన్‌తో యుద్ధం. వైస్ అడ్మిరల్ కృష్ణన్ విశాఖలో ఉండి మొత్తం వ్యూహం చూసుకున్నారు. విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్ వైపు ఉంటే, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించడానికి పాత యుద్ధనౌక రాజ్‌పుత్‌ను వాడుకున్నారు. రియర్ అడ్మిరల్ శర్మ సముద్రంలో ఫ్లీట్‌ను నడిపారు. డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. ఆ రెండు పనులూ ఒక్క మనిషి నెత్తిన పెడితే ఏదో ఒకటి చెడేదని నా అభిప్రాయం.

ఫ్లీట్ అధిపతి ఎప్పుడైనా మీ ఓడ ఎక్కితే ఆయన జెండా ఎగురవేస్తారు. అయినా ఓడ మీ కమాండింగ్ ఆఫీసర్‌దే. ఓడలన్నీ ఎటు వెళ్లాలో అడ్మిరల్ చెబుతారు, చుక్కాని ఎంత తిప్పాలో చెప్పరు. చెప్పకూడదు కూడా. ఒక్కో పనికి కొన్ని ఓడలను కలిపి టాస్క్ గ్రూపు కడతారు. పని ముగిశాక అది విడిపోతుంది.

ఇవన్నీ పైమాటలు. నీ రోజు గడిచేది నీ డివిజన్‌లో, అంటే ఓడలో నువ్వు పనిచేసే చిన్న బృందంలో. సెలవు, జీతం, ఇంటి సమస్య ఏదైనా ముందు మీ మీది సీనియర్ నావికుడైన పెటీ ఆఫీసర్‌కు, ఆ తర్వాత డివిజన్‌ను చూసే డివిజనల్ ఆఫీసర్‌కు చెప్పు. నేరుగా ఎక్స్‌వో (ఓడలో కమాండింగ్ ఆఫీసర్ తర్వాతి అధికారి) గది తలుపు తట్టకు. ఓడను నడిపించే చోటైన బ్రిడ్జి మీద వాచ్‌లో, అంటే కాపలా వంతులో ఉన్న అధికారి నీ ఈడువాడే కావచ్చు, కానీ కమాండింగ్ ఆఫీసర్ నిద్రపోతున్నప్పుడు ఆయన తరఫున ఓడను చూసేది అతనే. చనువు తీసుకోకు.

పొగ కనబడినా, ఎక్కడైనా నీరు లోపలికి వస్తున్నా ఈ వరసలేవీ చూడవద్దు. ఎదురుగా ఎవరుంటే వారికి గట్టిగా అరిచి చెప్పు.

చేరిన రోజే నీ లైఫ్ జాకెట్ ఎక్కడుందో కనుక్కో. అమ్మకు ఫోను చేస్తూ ఉండు, ఓడ ఎటు వెళుతోందో మాత్రం ఆమెకు కూడా చెప్పకు.

మీ మామయ్య