సెలైన్ ఎక్కుతున్నప్పుడు పక్కన ఉన్నవాళ్ళు ఏం చూడాలి?

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్ళు. బీపీ, షుగర్ ఉన్నాయి, గుండెకి స్టెంట్ వేశారు. ఇన్ఫెక్షన్ అని విజయవాడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో చేర్చాం. రోజూ సెలైన్, యాంటీబయాటిక్ ఇంజక్షన్లు ఇస్తున్నారు. కాన్యులా పెట్టిన చేయి కొంచెం వాచింది. సిస్టర్‌కి చెప్తే ఏం కాదన్నారు. ట్యూబులో గాలి బుడగలు కనిపించినప్పుడల్లా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రాత్రి నేనొక్కడినే ఉంటున్నాను. ఏం చూసుకోవాలి?

జవాబు: నేను స్టాఫ్ నర్సుని. చదువుకునేటప్పుడు వార్డు పోస్టింగులు గుంటూరు జనరల్ హాస్పిటల్‌లో, ఉద్యోగమంతా విజయవాడలో, ఎక్కువగా మెడికల్ వార్డు, ఐసీయూల్లో. మీరు రాసినవాటిలో ఈ రాత్రే తేల్చుకోవాల్సింది చేతి వాపు. బుడగల సంగతి తర్వాత చెప్తాను.

ఫోన్ టార్చ్ వేసి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. వాచినచోట చల్లగా, పాలిపోయి, చర్మం బిగుసుకుని ఉండి, చుక్కలు కూడా నెమ్మదించాయంటే మందు నరంలోకి కాకుండా చుట్టూ ఉన్న కండలోకి పోతోందని అర్థం. కాన్యులా అంటే లోపల ఉండేది సూది కాదండి, మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. సూదిని పెట్టిన వెంటనే బయటికి తీసేస్తాం. ఆ గొట్టం కాస్త జరిగినా, నరం గోడ పాడైనా ఇలా అవుతుంది. అలా కాకుండా ఎర్రగా, వేడిగా ఉండి, నరం పొడవునా తాడులా గట్టిపడి ముట్టుకుంటే నొప్పి పుడితే అది నరం వాపు, ఫ్లెబైటిస్ అంటాం. రెండిట్లో ఏదైనా చేయాల్సింది ఒకటే: ఆ కాన్యులా తీసేసి వేరేచోట పెట్టడం. ట్యూబులోకి రక్తం వెనక్కి వస్తోంది కాబట్టి బాగానే ఉందని కొందరు అంటారు. అది నమ్మకమైన గుర్తు కాదు. కాస్త జారిన కాన్యులాలో కూడా రక్తం కనిపించవచ్చు.

మామూలు సెలైన్ బయటికి పోతే వాపు తగ్గిపోతుంది, చేయి దిండు మీద ఎత్తి పెడితే చాలు. కొన్ని మందులు అలా కాదు. కాల్షియం, పొటాషియం, 25 శాతం గ్లూకోజ్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్, బీపీ పడిపోయినప్పుడు పెట్టే నార్‌అడ్రినలిన్ లాంటివి కండలోకి పోతే బొబ్బలెక్కి చర్మం నల్లబడే దాకా వెళ్ళొచ్చు. అందుకే ఆ చేతికి ఏ మందు ఎక్కుతోందో అడగండి. మీ అంతట మీరు రుద్దకండి, ఐస్ పెట్టకండి, వేడి కాపడం పెట్టకండి. ఏది పెట్టాలో మందుని బట్టి మారుతుంది.

ఇక సిస్టర్ "ఏం కాదు" అనడం. నేను కూడా ఆ వైపు నిలబడే మనిషినే కాబట్టి ఉన్నమాట చెప్తాను. నైట్ డ్యూటీలో చాలాచోట్ల బెడ్లు ఎక్కువ, నర్సులు తక్కువ. "చేయి వాచిందండీ" అని ప్రతి బెడ్ నుంచీ వినిపిస్తుంటుంది. మీరు ఇలా చెప్పి చూడండి: "సిస్టర్, ప్లాస్టర్ పైన బెత్తెడు మేర గట్టిగా ఉంది, రెండో చేతి కంటే చల్లగా ఉంది, చుక్కలు కూడా తగ్గాయి. ఒక్కసారి చేయి వేసి చూడండి." ఇంత వివరంగా చెప్తే ఏ నర్సూ తేలిగ్గా తీసుకోదు. అప్పటికీ రాకపోతే డ్యూటీ డాక్టర్‌ని పిలవమనండి. అది గొడవ పెట్టుకోవడం కాదు, మీ హక్కు.

ప్లాస్టర్ మీద కాన్యులా పెట్టిన తేదీ రాసి ఉండాలి. మూడు నాలుగు రోజులకోసారి తప్పనిసరిగా మార్చాలనే పద్ధతి చాలాచోట్ల ఇంకా ఉంది. ఇప్పటి చాలా మార్గదర్శకాలు మాత్రం పెద్దవాళ్ళ విషయంలో వాపు, నొప్పి, ఎరుపు వంటివి కనబడ్డప్పుడో, అవసరం తీరినప్పుడో తీయమంటున్నాయి. అంటే రోజులు లెక్కపెట్టడం కంటే రోజూ చూడటం ముఖ్యం. ప్లాస్టర్ తడిసినా, అంచులు లేచినా వెంటనే మార్పించండి.

సరే, బుడగలు. సినిమాల పుణ్యమా అని సిరంజిలో కాస్త గాలి ఉంటే మనిషి పోతాడని మనందరికీ ఒక భయం ఉండిపోయింది. చేతి నరంలో పెట్టిన ట్యూబులో కనిపించే చిన్నచిన్న బుడగలు పెద్దవాళ్ళకి ప్రమాదం కాదు, అవి ఊపిరితిత్తుల్లో చిక్కుకుని కలిసిపోతాయి. గాలి నిజంగా ప్రమాదమయ్యేది ఎక్కువ మొత్తంలో ఒక్కసారిగా పోయినప్పుడు. మెడ దగ్గర పెట్టే సెంట్రల్ లైన్ ఊడినప్పుడు ఆ భయం ఉంటుంది. పసిపిల్లలు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళ విషయంలో చిన్న బుడగని కూడా వదలం. మీ నాన్నగారికి ట్యూబులో పొడుగ్గా గాలి కనిపిస్తే చెప్పండి, తీసేస్తారు. దానికోసం రాత్రంతా మేలుకోనక్కర్లేదు.

బాటిల్ అయిపోతే గాలి లోపలికి పోతుందని కూడా భయపడతారు. స్టాండ్‌కి వేలాడే మామూలు బాటిల్ అయితే సాధారణంగా ట్యూబులో కొంత దూరం దిగి ద్రవం ఆగిపోతుంది, నరంలోని రక్తం వెనక్కి వస్తుంది. అది గడ్డకడితే కాన్యులా మూసుకుపోతుంది, మళ్ళీ కొత్తగా గుచ్చాలి. కాబట్టి బాటిల్‌లో కొంచెం మిగిలి ఉండగానే పిలవండి.

మీరు అసలు భయపడాల్సింది వేగానికి. ట్యూబు మీద చుక్కల వేగం మార్చే చిన్న చక్రాన్ని రోలర్ అంటాం. దాన్ని పేషెంట్ పక్కన ఉండేవాళ్ళు తిప్పడం మా వార్డుల్లో రోజూ చూసేదే. త్వరగా అయిపోతే త్వరగా ఇంటికి పంపుతారని కొందరు, "చుక్కచుక్కా పడుతోంది, ఎప్పటికి అయ్యేను" అని కొందరు. ఒకసారి గుండె బలహీనంగా ఉన్న ఒక పెద్దాయనకి నెమ్మదిగా పెట్టి వెళ్ళాం. తెనాలి వెళ్ళే ఆఖరి బస్సు పోతుందని ఆయన బావమరిది రోలర్ మొత్తం తెరిచేశాడు. రౌండ్‌కి వచ్చేసరికి పెద్దాయన పడుకోలేక లేచి కూర్చుని ఆయాసపడుతున్నాడు, దగ్గులో నురగ. సెలైన్ ఆపి, ఆక్సిజన్ పెట్టి, ఒంట్లో నీరు లాగే ఇంజక్షన్ ఇస్తే తెల్లారేసరికి తేరుకున్నాడు. బావమరిది మాత్రం "నేను ముట్టుకోలేదు" అనే అన్నాడు చివరిదాకా.

ఇందులో లెక్క ఉంది. మామూలు సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పు నీళ్ళు. 500 మిల్లీలీటర్ల బాటిల్‌లో 4.5 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బీపీ, స్టెంట్ ఉన్న మీ నాన్నగారికి రోజుకి ఎన్ని బాటిళ్ళు, ఎన్ని గంటల్లో ఎక్కాలో కేస్ షీట్‌లో ఏం రాశారని అడగండి. వద్దనమని కాదు, ఇన్ఫెక్షన్‌లో బీపీ పడిపోతే సెలైన్ త్వరగా ఎక్కించాల్సి రావచ్చు. ఎందుకు ఎక్కిస్తున్నారో మీకు తెలిసి ఉండాలి, అంతే. కొత్తగా ఆయాసం, పడుకుంటే దగ్గు, కాళ్ళ వాపు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనబడినా పొద్దున రౌండ్ దాకా ఆగకండి.

చుక్కలు లెక్కపెట్టడం కష్టమేం కాదు. ఐవీ సెట్, అంటే సెలైన్ ట్యూబు, కవర్ మీద ఒక మిల్లీలీటర్‌కి ఎన్ని చుక్కలో ముద్రించి ఉంటుంది. పెద్దవాళ్ళకి వాడే మామూలు సెట్ ఎక్కువగా 20 చుక్కలది, పిల్లలకి వాడే మైక్రో సెట్ 60 చుక్కలది. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో పోవాలంటే గంటకి 125. 20 చుక్కల సెట్‌లో గంట లెక్కని మూడుతో భాగిస్తే నిమిషానికి పడాల్సిన చుక్కలు వస్తాయి, సుమారు 42. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, మంచం తల వైపు ఎత్తాక, మణికట్టు వంచి పడుకున్నాక వేగం మారిపోతుంది. అప్పుడొకసారి నిమిషం పాటు లెక్కపెట్టి, తేడా ఉంటే చెప్పండి. మీరు తిప్పొద్దు. నొప్పి, వాపు, దురద వచ్చినప్పుడు రోలర్ మూసి వెంటనే పిలవడం మాత్రం చేయొచ్చు. పంపు మెషిన్ మీద నడిచే మందుల్ని అసలు ముట్టుకోకండి, అలారం మోగితే బటన్ నొక్కి ఆపకండి, పిలవండి.

బాటిల్‌లో ఏదైనా మందు కలిపితే దాని పేరు, మోతాదు, టైము రాసిన కాగితం బాటిల్‌కి అంటించాలి. పొటాషియం, అంటే కేసీఎల్, కలిపిన బాటిల్ వేగంగా పోతే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అందుకే దాన్ని ఎప్పుడూ నేరుగా సిరంజితో ఇవ్వం. బాటిల్‌లో కలిపాక కూడా బాగా తిరగేసి కలపాలి, లేకపోతే అడుగున చేరి మొదటి చుక్కల్లోనే ఎక్కువ పోతుంది. షుగర్ ఉన్న ఆయనకి గ్లూకోజ్ బాటిల్ పెట్టారేమిటని కంగారు పడి ఆపించేయకండి. దానికి సరిపడా ఇన్సులిన్ అందులోనే కలిపి ఉండొచ్చు. లేబుల్ చూడండి, లేకపోతే అడగండి. గ్లూకోజ్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తపరీక్షకి తీయబోతే మాత్రం ఆపి గుర్తుచేయండి. ఆ చేతి నుంచి తీస్తే షుగర్ లేనిపోని అంకె చూపిస్తుంది.

ఒకే ట్యూబులో రెండు మందులు కలవడం ఇంకో సంగతి. రింగర్ లాక్టేట్ అనే ఇంకో రకం సెలైన్‌లో కాల్షియం ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్‌తో అది కలిస్తే సన్నటి కణాలు ఏర్పడతాయి. నెలలోపు పసిబిడ్డలకైతే ఈ రెండూ కలిపి వాడనే కూడదు. పెద్దవాళ్ళకి ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వాల్సి వస్తే మధ్యలో మామూలు సెలైన్‌తో లైన్ కడుగుతాం. ట్యూబులో తెల్లగా, మబ్బుగా ఏదైనా కనిపిస్తే వెంటనే రోలర్ మూసి పిలవండి. ఇంజక్షన్ ఇచ్చే ముందు కాన్యులా మూతి దగ్గర స్పిరిట్ దూదితో గట్టిగా తుడిచి, ఆరనిచ్చి ఇవ్వాలి. పైపైన తడిపి వెంటనే గుచ్చితే తుడిచినట్టు కాదు. ఈ ఒక్క విషయంలో మావాళ్ళలో చాలామంది బద్ధకిస్తారు, అడగండి, సిగ్గుపడి అయినా చేస్తారు.

యాంటీబయాటిక్ కొత్తది మొదలుపెడుతున్నారంటే ఇంతకు ముందు ఏ మందు పడలేదో పైకి చెప్పండి, చీటీలో ఉందిలే అనుకోవద్దు. టెస్ట్ డోస్ చేశాక కూడా రియాక్షన్ రావచ్చు. మొదటి నిమిషాల్లో దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, వాంతి, కళ్ళు తిరగడం కనబడితే ఆపమని గట్టిగా అరవండి. దానికి మందు అడ్రినలిన్, తొడ కండకి ఇస్తారు, ఆలస్యం చేయకూడనిది. వాంకోమైసిన్ లాంటివి కనీసం గంటసేపు నెమ్మదిగా పోవాలి, తొందరపెడితే ముఖం, మెడ ఎర్రబడిపోతాయి.

పేర్ల సంగతి కూడా. మన కృష్ణా, గుంటూరు వార్డుల్లో ఒకేసారి ఇద్దరు వెంకటేశ్వరరావులు, ఒక నాగేశ్వరరావు లేకుండా గడిచే రోజు తక్కువ. సగం నిద్రలో ఉన్న పేషెంట్‌ని "వెంకటేశ్వరరావుగారేనా?" అంటే, ఎవరైనా సరే "ఆఁ" అంటారు. అందుకే మేం పేరు చెప్పం, పేషెంట్‌ని చెప్పమంటాం, చేతికి కట్టిన పట్టీతో సరిచూస్తాం. అలా అడగకుండా ఇంజక్షన్ తెస్తే "ఎవరికి, ఏం మందు సిస్టర్?" అని మీరే అడగండి. మంచి నర్సు దానికి నొచ్చుకోదు.

మీరు అడగలేదు కానీ, నాన్నగారు నోటితో తినగలుగుతుంటే "ఇంకా సెలైన్ అవసరమా, మాత్రలకి మార్చొచ్చా?" అని రోజూ రౌండ్‌లో అడగండి. "ఒక బాటిల్ ఎక్కిస్తే ఓపిక వస్తుంది" అనే నమ్మకం మనకి గట్టిగా ఉంది. ఊళ్ళలో ఆర్‌ఎంపీ దగ్గర కిటికీ ఊచకి బాటిల్ కట్టి ఎక్కించుకుని వచ్చేవాళ్ళున్నారు. అర లీటర్ 5 శాతం గ్లూకోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, వంద కేలరీలకు మించదు. రెండు ఇడ్లీలు తింటే అంతే వస్తుంది, నరానికి గుచ్చే పని ఉండదు. విరేచనాలకి కూడా తాగగలిగితే ఓఆర్‌ఎస్ చాలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ నీళ్ళతోనే ఎందరినో బతికించారు.

డిశ్చార్జ్ రోజు హడావిడిలో కాన్యులా తీయించుకోవడం మర్చిపోయేవాళ్ళూ ఉన్నారు, బిల్లు కట్టేముందే చూసుకోండి. స్టెంట్ ఉంది కాబట్టి ఆయన రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ ఉంటారు. తీశాక దూదితో ఐదు నిమిషాలు నొక్కి పట్టండి, రుద్దకండి. ఇంటికెళ్ళాక రెండు మూడు రోజులు ఆ చోటు చూస్తూ ఉండండి. ఎర్రబడినా, చీము కనిపించినా, చలిజ్వరం వచ్చినా అదే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఇక్కడ కాన్యులా ఉండేదని చెప్పండి.