జాబు–జవాబు: ఓడవాళ్లిచ్చే కార్యక్రమాల కాగితంలో లేని కాలక్షేపాలు

విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమయ్యాక సముద్ర ప్రయాణాల గురించి అడిగేవాళ్లు పెరిగారు. టికెట్లు, భోజనాల ప్రశ్నలు మరోసారికి ఉంచి, ఓడ ఎక్కాక పొద్దు ఎలా పుచ్చాలన్న ఉత్తరాలకే ఈ వారం చోటిచ్చాం.

ప్రశ్న: ఇక్కడినుంచి చెన్నైకి క్రూయిజ్ ఓడలో వెళ్తున్నాం. కేసినో, డీజే మాకు పడవు. పిల్లలకు పదీ పన్నెండేళ్లు, అమ్మకు అరవై ఎనిమిది. ఈత కొలను దగ్గర ఎంతసేపని కూర్చుంటాం? – ఎంవీపీ కాలనీ

జవాబు: మీ ఇంటిల్లిపాదికీ సరిపోయే ఆటవస్తువు ఆ ఓడే. ఒక గ్రాఫ్ కాగితం, పెన్సిలు, రబ్బరు, స్కేలు ఇక్కడే కొనుక్కుని వెళ్లండి.

ఓడ కదలడానికి అరగంట ముందే డెక్ మీదికి రండి. చాలామంది సరిగ్గా అప్పుడే గదిలో సామాన్లు సర్దుకుంటూనో బఫే వరసలో నిలబడో ఉంటారు. ఓడ బయటికి వెళ్తుంటే కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమవైపు ఊరు. పైన జెండాలు చూడండి. సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఎగురుతుంటే పోర్టు పైలట్, అంటే రేవు లోపల ఓడకు దారి చూపేవాడు, ఓడలో ఉన్నాడని అర్థం. నీలం జెండా మధ్యలో తెల్ల చదరం ఉంటే బయలుదేరబోతున్నామని. కాలువ దాటి బయటికొచ్చాక చిన్న పడవొకటి ఓడ పక్కకు చేరుతుంది. నీటికి దగ్గరగా ఉన్న తలుపు తెరిచి తాడు నిచ్చెన దించుతారు. ఓడా పడవా రెండూ కదులుతుండగానే పైలట్ దిగిపోతాడు. ఆ పక్క నీళ్లు కాస్త నెమ్మదిగా ఉండేలా కెప్టెన్ ఓడను గాలికి అడ్డంగా తిప్పి చాటు ఇస్తాడు. ఇది చూడాలంటే పై అంతస్తు పనికిరాదు, కింది నడక డెక్ మీదికి పోవాలి. ఫోనుకు మెడతాడు తప్పనిసరి. రెయిలింగ్ మీదుగా చెయ్యి చాచి ఫొటో తీయబోతే గాలి లాగేస్తుంది.

ఇక గ్రాఫ్ కాగితం. దాన్ని నిలువుగా పెట్టి కిందినుంచి పైకి అక్షాంశాలు వేయండి, డిగ్రీకి 5 సెంటీమీటర్లు. ఎడమనుంచి కుడికి రేఖాంశాలు, డిగ్రీకి 4.8 సెంటీమీటర్లు. రెండూ 5 ఎందుకు కాకూడదంటే, ధ్రువాలకేసి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. మన కోస్తా దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 58 నాటికల్ మైళ్లే, అక్షాంశం మాత్రం 60. విశాఖ 17°42′ ఉత్తరం, 83°18′ తూర్పు. చెన్నై 13°06′ ఉత్తరం, 80°18′ తూర్పు. రెండు చుక్కలు పెట్టి స్కేలుతో కలిపితే 27 సెంటీమీటర్లు వస్తుంది. ఈ కొలతలో సెంటీమీటరు అంటే 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. దారి మొత్తం దాదాపు 325 మైళ్లన్నమాట.

రెండు గంటలకోసారి ఓడ ఉన్న చోటు రాసుకుని చుక్క పెట్టాలి. చాలా ఓడల్లో గదిలోని టీవీలో ఒక చానల్ ఇదే చూపిస్తుంది. లేకపోతే ఫోను చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది, కాకపోతే ఆకాశం కనిపించేచోట నిలబడాలి. ఆ మోడ్ మాత్రం మరిచిపోవద్దు. ఒడ్డు సిగ్నల్ పోగానే ఫోను ఓడ నెట్‌వర్క్‌ను పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది. ఫోను దిక్సూచిని నమ్మకండి, చుట్టూ ఉన్నదంతా ఉక్కే.

పిల్లలు చేసే తప్పు ఒకటే. 17°42′ని 17.42 అని వేసేస్తారు. నిమిషాలు అరవైకి లెక్క కాబట్టి అది 17.70. ఆ తప్పుతో చుక్క కాగితం మీద 1.4 సెంటీమీటర్లు జరుగుతుంది, సముద్రం మీద 31 కిలోమీటర్లు! రెండు చుక్కల మధ్య రెండున్నర సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, రెండు గంటల్లో 30 మైళ్లు, అంటే 15 నాట్ల వేగం, గంటకు 28 కిలోమీటర్లు. చెన్నై దగ్గరపడేకొద్దీ చుక్కలు దగ్గరగా పడితే లెక్క తప్పిందనుకోకండి. రేవులో పైలట్‌కీ ఓడ కట్టే బెర్తుకీ ఫలానా టైమని ముందే ఉంటుంది, దానికి సరిపోయేలా ఓడ వేగం తగ్గిస్తారు.

అమ్మగారికి పొద్దుగూకే వేళ డెక్ మీద కుర్చీ వేయించండి. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం ఎన్నిసార్లు చూసినా, సూర్యుడు నీళ్లలో మునగడం మన తీరంలో కనిపించదు, పడమట అంతా కొండలే కదా. నడిసముద్రంలో ఆ అవకాశం దొరుకుతుంది. చెయ్యి బారుగా చాచి పిడికిలి పట్టండి. నీటి అంచుకీ సూర్యుడికీ మధ్య ఒక పిడికిలి పడితే అస్తమించడానికి సుమారు 40 నిమిషాలున్నట్టు. పిల్లలిద్దరూ గడియారాలు సెకన్లతో కలుపుకుని ఒకరు కింది డెక్‌లో, ఒకరు పై డెక్‌లో నిలబడమనండి. ఆఖరి ఎర్ర అంచు మాయమైన క్షణం ఇద్దరూ రాసుకోవాలి. నీటికి 15 మీటర్ల ఎత్తున ఉన్నవాడి కంటే 36 మీటర్ల ఎత్తున ఉన్నవాడికి సుమారు పదిహేను సెకన్లు ఆలస్యంగా అస్తమిస్తుంది. భూమి గుండ్రమన్న పాఠం ఇంత సూటిగా ఇంకెక్కడా కనపడదు. బింబం పూర్తిగా ఎర్రబడి అంచు మిగిలేదాకా నేరుగా చూడనివ్వకండి. బైనాక్యులర్ అసలు వద్దు.

ప్రశ్న: నక్షత్రాలు చూద్దామని డెక్ మీదికి వెళ్తే ఓడ దీపాల వెలుగే కళ్లలో పడుతుందట. చీకటి ఎక్కడ దొరుకుతుంది? – భీమిలి

జవాబు: ముందుభాగంలో. మన పడవవాళ్లు అణియం అంటారే, అటువైపు. ఓడ నడిపే గదిలోవాళ్లకు చీకట్లో చూపు ఆనాలి కాబట్టి దాని ముందున్న డెక్‌ల మీద వెలుగు పడనివ్వరు. ప్రయాణికులను రానిచ్చే డెక్‌లలో అన్నిటికంటే ముందున్నదేదో పగలే చూసి పెట్టుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను తెర చూశారా, మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర గ్లాస్ కాగితం రెండు పొరలు చుట్టి రబ్బరు బ్యాండ్ వేసుకోండి.

చెన్నై వైపు పోతున్న ఓడకు దక్షిణాకాశం ఎదురుగా ఉంటుంది. మే నెల మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో త్రిశంకు (సదరన్ క్రాస్) నక్షత్రమండలం నిటారుగా నిలబడి ఉంటుంది. దాని అడుగు నక్షత్రం విశాఖ దగ్గర నీటి అంచుకు 9 డిగ్రీల ఎత్తునుంటే చెన్నై దగ్గర 14 డిగ్రీలకు లేస్తుంది.

దీనికి జోడీ ధ్రువ నక్షత్రం. అది వెనుకభాగంలో, అమరం వైపు, ఓడకు కుడిపక్కన కనిపిస్తుంది. అక్కడ దీపాలుంటాయి, టోపీ అంచు కిందికి దించుకుని చూడండి. సప్తర్షి మండలంలో చివరి రెండు నక్షత్రాలు పులహ, క్రతు. వాటిని కలిపిన గీతను క్రతువు వైపు ఐదింతలు పొడిగిస్తే ధ్రువుడు. చలికాలం సాయంత్రాల్లో సప్తర్షులు కనిపించరు, అప్పుడు ఎమ్ ఆకారంలో ఉండే శర్మిష్ఠ (కాసియోపియా) మండలాన్ని ఆనవాలు పట్టుకోవాలి. ధ్రువుడు నీటి అంచుకు ఎంత ఎత్తునుంటే మీరు అంత అక్షాంశంలో ఉన్నట్టు. చాచిన చేతి పిడికిలి 10 డిగ్రీలు, మధ్య మూడు వేళ్లు 5, చిటికెన వేలు 1. విశాఖ దాటగానే పిడికిలి, దానిమీద మూడు వేళ్లు, ఇంకో మూడు చిటికెన వేళ్లు. తెల్లారుజామున చెన్నై దగ్గర కొలిస్తే మధ్య మూడు వేళ్ల మేర తగ్గిపోయి ఉంటుంది. మోచెయ్యి వంచితే వేళ్లు లావుగా కనిపించి కొలత తగ్గుతుంది, చెయ్యి బారుగా చాచే ఉండాలి. తేమ ఎక్కువున్న రాత్రి నీటి అంచు దగ్గర మసకగా ఉంటుంది, ఆ రాత్రి కొలత వదిలేయండి.

బీచ్‌లో కూర్చుంటే రాత్రిళ్లు లంగరేసిన ఓడల దీపాలు వరసగా కనిపిస్తాయి కదా. కదులుతున్న ఓడలను చదవడం వేరు. ఎర్ర దీపం ఎడమపక్క, ఆకుపచ్చ కుడిపక్క. ఎదుటి ఓడ ఎర్ర దీపం ఒక్కటే కనిపిస్తే అది తన ఎడమపక్కను మీకు చూపిస్తూ పోతున్నట్టు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ కనిపిస్తే మీకేసే వస్తోంది. పెద్ద ఓడలకు రెండు తెల్ల దీపాలుంటాయి, ముందుది కిందికి, వెనుకది పైకి. ఒకదానిమీద ఒకటి నిలువుగా వచ్చాయంటే ఓడ నేరుగా మీవైపే తిరిగిందని.

ప్రశ్న: క్యారమ్ బోర్డు తీసుకెళ్లొచ్చా? పేకలు గాలికి ఎగిరిపోతాయంటున్నారు. – అనకాపల్లి

జవాబు: క్యారమ్ వద్దు. ఓడ కాస్త ఒరిగినా కాయిన్లు ఒకేవైపు జారుతాయి, ఉప్పుతేమకు బోర్డు జిగటెక్కుతుంది. ఓడకు పుట్టిన ఆట వామనగుంటలు. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు చొప్పున డెబ్భై చింతగింజలు. ఓడ ఊగినా గింజ గుంటలోనే ఉంటుంది. మడత పెట్టే చెక్కబల్ల తీసుకోండి, పదో ఇరవయ్యో గింజలు అదనంగా సంచిలో వేసుకోండి, డెక్ పలకల సందుల్లో పడితే మరి రావు.

అష్టాచెమ్మాకి కాగితం పనికిరాదు. 40 సెంటీమీటర్ల చదరపు దళసరి కాటన్ గుడ్డ మీద ఐదుకు ఐదు గళ్లు, గడి 8 సెంటీమీటర్లు, చెరగని మార్కరుతో గీయండి. నాలుగు మూలలా అంచు మడిచి కుట్టి ఒక్కో మూలలో రెండేసి ఐదు రూపాయల బిళ్లలు పెట్టండి, గాలికి లేవదు. నునుపు బల్ల మీద గవ్వలు దొర్లిపోతాయి, అందుకని పక్కన టవల్ పరిచి దానిమీద వేయాలి. పావులకు ఇనప నట్లు తీసుకుని నాలుగు రంగుల దారాలు చుట్టండి. సీసా మూతలైతే గాలి తీసుకుపోతుంది. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లాపడితే అష్ట అని పక్కబల్లవాళ్లకు ఒకసారి చెప్పండి చాలు, వాళ్లూ కూర్చుంటారు. సుద్దతో డెక్ మీద మాత్రం గీయకండి, టేకు చెక్కకు మరక పడుతుంది.

ప్రశ్న: డాల్ఫిన్లు చూడటానికి పన్నెండు రెట్లు పెద్దవిగా చూపే బైనాక్యులర్ కొనాలనుకుంటున్నాను. సరైనదేనా? – గాజువాక

జవాబు: ఓడ మీద అది పనికిరాదు. ఎంత పెద్దగా చూపిస్తే అంత వణుకూ పెద్దదవుతుంది. 7×50 లేదా 8×42 తీసుకోండి (మొదటి అంకె ఎన్ని రెట్లో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). మోచేతులు రెయిలింగ్ మీద ఆనించకండి, ఇంజన్ అదురు మొత్తం అందులోకి వస్తుంది. రొమ్ముకు ఆనించుకుని నిలబడండి.

తెల్లారాక మొదటి గంట మంచిది. ముందుభాగం నీటిని చీల్చే చోటు చూడండి. ఎగిరే చేపలు ఓడకు బెదిరి అక్కడినుంచే లేస్తాయి, డాల్ఫిన్లు ఆ అలతోపాటే ఈదుతాయి. అలల మీద తెల్ల నురగ అక్కడక్కడా ఉంటే గాలి 7–10 నాట్లు, అంతటా ఉంటే 11 దాటినట్టు. అంతటా తెల్లగా ఉన్నరోజు రెక్క ఏదో నురగ ఏదో తెలియదు.

ప్రశ్న: డెక్ మీద రోజూ గంట నడవాలని. ఏ వేళ మంచిది? – సీతమ్మధార

జవాబు: వేళ కంటే పక్క ముఖ్యం. ఓడ 18 నాట్ల వేగంతో, 15 నాట్ల ఎదురుగాలిలో పోతుంటే డెక్ మీద గాలి 33 నాట్లు, గంటకు 61 కిలోమీటర్లు. అందుకని గాలి చాటు పక్కనే పోయి ఆ పక్కనే వెనక్కి రండి. వెనుకభాగంలో గాలి తక్కువే కానీ, ఒక్కోసారి పొగగొట్టం మసి పడుతుంది, తెల్లబట్టలు వద్దు. ఎన్ని చుట్లయితే మైలో నడక డెక్ గోడ మీద రాసి ఉంటే, అది 1.6 కిలోమీటర్ల మామూలు మైలా, 1.85 కిలోమీటర్ల నాటికల్ మైలా అడిగి తెలుసుకోండి. వాన కురిశాక పెయింటు వేసిన ఇనప డెక్ బాగా జారుతుంది.

ప్రశ్న: అండమాన్ వెళ్లే ప్రయాణికుల ఓడలో వినోదం ఏమీ ఉండదు, రెండు రోజులకు పైగా ప్రయాణం. – మద్దిలపాలెం

జవాబు: అసలు ఆట అందులోనే. మీ గడియారం మారదు కానీ సూర్యుడు మారతాడు. విశాఖ నుంచి శ్రీ విజయపురానికి, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌కు తొమ్మిదిన్నర డిగ్రీలు తూర్పుకు పోతారు, డిగ్రీకి నాలుగు నిమిషాలు. రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం టైములు రాసుకుని రెంటికీ సరిగ్గా మధ్య సమయం కట్టండి, అదే మధ్యాహ్నం. ఒడ్డు చేరేసరికి అది విశాఖ కంటే సుమారు 38 నిమిషాలు ముందే వస్తుంది. ఉదయాన్ని ఒక్కదాన్నే కొలిస్తే తేడా వస్తుంది, దక్షిణానికి పోయేకొద్దీ పగటి నిడివి కూడా మారుతుంది మరి. మబ్బుపట్టి ఒక పూట పోతే ఆ రోజు లెక్క వదిలేసి మర్నాటిది పట్టుకోండి.

రాసుకునేటప్పుడు కడుపులో తిప్పితే పుస్తకం మూసి, ఓడ మధ్యభాగంలో కింది డెక్‌కు వెళ్లి దూరంగా నీటి అంచు చూస్తూ కూర్చోండి. ఊపు అక్కడే తక్కువ. మాత్ర వేసుకోవాలంటే ఓడ ఎక్కకముందే డాక్టరును అడగాలి, వాంతులు మొదలయ్యాక మింగిన మాత్ర కడుపులో నిలవదు.