అనుభవజ్ఞుల దగ్గర ముఖచిత్ర రూపకల్పన నేర్చుకోవడం ఎలా?

పుస్తకాలకు అట్టలు వేయడం నేర్చుకోవాలంటే కోర్సులో చేరాలా, చేయి తిరిగిన వారి దగ్గర చేరాలా అని అడిగారు. పని చేస్తున్న డిజైనరు పక్కన కూర్చోండి. అచ్చయిన అట్టలకన్నా ఆయన వద్దని పక్కన పెట్టిన చిత్తులను ఎక్కువగా చూడండి. అచ్చయిన అట్టను చూస్తే ఆయన ఏం చేశారో తెలుస్తుంది కానీ, ఏమేమి వదులుకుని అక్కడికి చేరారో తెలియదు.

నేను నేర్చుకున్నది బరంపురంలో. 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో కలిసిన మా ఊళ్లో ఒకే అట్ట మీద ఒడియా, తెలుగు శీర్షికలు రెండూ వేయవలసిన పని వస్తూ ఉంటుంది. ఒక ద్విభాషా కవితా సంకలనానికి మాస్టారు అట్ట తయారు చేస్తుండగా నేను పక్కనే ఉన్నాను. రెండు శీర్షికలనూ ఒకే పాయింటు సైజులో పెట్టేసరికి ఒడియా అక్షరాల పైనున్న గుండ్రటి కమానులు వరుసగా నిలిచి బరువుగా కనిపించాయి. తెలుగు శీర్షికలోని వత్తులేమో కింద ఉన్న కవి పేరులోని గుడులకు తగిలాయి. తెలుగును చిన్నది చేయమని ప్రచురణకర్త అన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. ట్రేసింగు కాగితం మీద తెలుగు శీర్షికను చేత్తో రాసి, వత్తులను కాస్త కుదించి పక్కకు జరిపి, కవి పేరును అట్ట అడుగుకు దించారు. ఆ తరువాత నలుపు తెలుపుల్లో ప్రింటు తీసి, పాత పుస్తకానికి తొడిగి, అలమరలో మిగతా పుస్తకాల మధ్య నిలబెట్టి, "ఆ గోడ దగ్గర నుంచుని చదువు బాబూ" అన్నారు. రెండు శీర్షికలూ సమానంగా కంటికి ఆనిన తరువాతే ఆయన రంగుల మాట ఎత్తారు. అక్షరాలు కుదరని అట్టను ఏ బొమ్మా కాపాడలేదు.

అందుకే బాపు (1933–2014) చేతిరాతను పోలిన ఫాంటును చరిత్ర గ్రంథానికీ, న్యాయశాస్త్రానికీ, వంటల పుస్తకానికీ ఒకే తీరున అతికించడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆయన అక్షరం ఆయన గీతతో కలిసి పుట్టినది. రాతప్రతి చదవకుండానే ఇంటర్నెట్టులో దొరికిన సూర్యాస్తమయాన్ని అట్టకెక్కించేవారిది తప్పే గానీ, పుస్తకం ప్రెస్సుకు వెళ్లే ముందురోజు అట్ట అడిగే ప్రచురణకర్తలది అంతకన్నా పెద్ద తప్పు.

కొలతలు కూడా అనుభవజ్ఞుల చేతిలోనే చూడాలి. 192 పేజీలంటే 96 కాగితాలు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మాప్లిథో అనే అచ్చు కాగితమైతే వెన్ను, అంటే పుస్తకం మందం, సుమారు 9 మిల్లీమీటర్లు వస్తుంది. ఒకే జీఎస్ఎం ఉన్నా మిల్లును బట్టి మందం మారుతుంది కనుక, మాస్టారు అచ్చు వేయబోయే కాగితంతోనే డమ్మీ (అచ్చు లేని నమూనా పుస్తకం) కట్టించి స్కేలుతో కొలిచేవారు.

డిజైనరు దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు మీరు పూర్తిగా చదివిన పుస్తకం ఒకటి, దానికి పెన్సిలుతో వేసిన చిత్తులు కొన్ని తీసుకెళ్లండి. ఆయన దేనిని పక్కన పెట్టినా కారణం అడిగి, ఆ కాగితం వెనుకనే రాసుకోండి.