పాపతో, కుక్కతో ఒక్కరే పార్కుకు వెళ్లవచ్చా?

ఐదేళ్ల పాపను, ఏడాది నిండిన కుక్కను కలిపి దగ్గరలోని పార్కుకు ఒక్కరే తీసుకెళ్లవచ్చా అని అడిగారు. మొదటి కొన్నిసార్లు మాత్రం వద్దండి.

మా బాబుకు నాలుగేళ్లప్పుడు నేను అలాగే వెళ్లాను. కుక్కలను రానిచ్చే పార్కే, లీష్ నా చేతిలోనే ఉంది. బాబు జారుడుబండ మెట్లు సగం ఎక్కి, "అమ్మా, భయంగా ఉంది" అని పిలిచాడు. నేను అటు తిరిగేసరికి ఇటు ఎవరిదో బంతి దొర్లుకుంటూ పోయింది. కుక్క దాని వెంట దూకింది. లీష్‌ను మణికట్టుకు చుట్టుకున్నాను కాబట్టి దానితోపాటు నేనూ బోర్లా పడ్డాను. బాబు మెట్ల మీదే ఏడుస్తూ ఉండిపోయాడు. పెద్ద దెబ్బలేమీ తగల్లేదు కానీ, ఆ కొన్ని క్షణాలు నా కొడుకును అందుకోలేకపోయానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పటి నుంచి ఇద్దరు పెద్దవాళ్లం వెళ్లేవాళ్లం. ఎవరు బాబును చూడాలో, ఎవరు కుక్కను పట్టుకోవాలో గేటు దగ్గరే అనుకునేవాళ్లం. లీష్ ఆరడుగులది, సాగనిది వాడాను. సాగే రకంలో తాడు సన్నగా ఉంటుంది, పరుగెత్తే పిల్లల కాళ్లకు చుట్టుకుంటే కోసుకుపోతుంది.

పాపతో కలిపి తీసుకెళ్లేముందు కుక్కను ఒక్కదాన్నే నాలుగైదుసార్లు తీసుకెళ్లండి. ఆటస్థలానికి బాగా దూరంగా కూర్చుని, పిల్లల కేకలు వింటున్నప్పుడు దాని ముఖం చూడండి. తోక ఊపుతోంది కాబట్టి సంతోషంగా ఉందని చాలామంది పొరబడతారు. ఒళ్లు బిగదీసుకుని తోక ఊపుతుంటే అది సంతోషం కాదు. నిద్రవేళ కాకపోయినా ఆవలించడం, ఊరికే మూతి నాక్కోవడం, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం బెదురుకు గుర్తులు. అవి కనిపిస్తే ఇంకా దూరం జరగండి. ఒళ్లు వదులుగా ఉండి, మీరు పిలిస్తే మీ వైపు తిరుగుతున్నప్పుడే కొంచెం దగ్గరకు రండి. మా కుక్కకు ఇది కుదరడానికి రెండు నెలలు పట్టింది.

పాపకు నేర్పాల్సినవి రెండే. ఇతరుల కుక్కను ముట్టుకునే ముందు దాని యజమానిని అడగాలి. తెలియని కుక్క మీదికి వస్తే పరుగెత్తకుండా, చేతులు దించుకుని చెట్టులా నిలబడాలి. దీన్ని ఇంట్లో ఆటలా ఆడించండి, అవసరమైనప్పుడు గుర్తొస్తుంది.

కుక్క మలం వెంటనే తీసేయండి. అందులో ఏలికపాముల గుడ్లు ఉంటే అవి మట్టిలో కొన్ని వారాలకు అంటుకునే స్థితికి వస్తాయి, ఆ మట్టిలోనే పిల్లలు ఆడుకుంటారు. కుక్కకు టీకాలు, నులిపురుగుల మందు సమయానికి వేయించండి. ఎండలో నేల మీద మీ అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. పాప చిరుతిండిలో ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ లేకుండా చూసుకోండి, అవి కుక్కలకు విషం. ఇంటికి రాగానే కుక్క చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతకండి.

ఇప్పుడు బాబుకు ఏడేళ్లు. ఇద్దరినీ నేనొక్కదాన్నే తీసుకెళ్తున్నాను, నడకకు మాత్రమే. జారుడుబండ ఎక్కుతానన్న రోజున కుక్కను ఇంట్లోనే ఉంచి వెళ్తాం.